పొడి సీసా సంగతి చెప్పిన అక్కకు

మా బాబు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి మూడు వారాలైంది. నిన్న ఆఖరి రిపోర్టు కూడా చేతికి అందింది. ఇప్పుడైనా ఈ నాలుగు మాటలు రాయకపోతే నా మనసు ఊరుకోదు.

11 ఏళ్ల పిల్లవాడి కళ్లు పచ్చబడితే కామెర్లే అనుకుని పసరు మందు పోయించాం. తగ్గలేదు. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ తక్కువగా ఉంది, 24 గంటల మూత్రంలో రాగి కొంచెం ఎక్కువగా ఉంది, రాగి చేరితే కంటి నల్లగుడ్డు అంచున కనిపించే వలయం మాత్రం లేదు. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధేమో, కాలేయం ముక్క తీసి చూస్తేగానీ తేలదన్నారు. వంశపారంపర్యంగా వచ్చే జబ్బని చెప్పగానే నాకు కాళ్లు ఆడలేదు. మాది మేనరికం.

ఆ రాత్రే మా తోటికోడలి ద్వారా ఆ అక్క ఫోను చేసింది. ఆమె కూతురిదీ ఇదే జబ్బు. "మాది మేనరికం కాదమ్మా, అయినా వచ్చింది. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఇందులో నీ తప్పేముంది?" అంది. అప్పుడు ఏడ్చాను, తనివితీరా.

ఏడుపు ఆగాక కాగితం తెచ్చుకోమంది. రాగిని కొలవడానికి తీసే ముక్కను ఫార్మలిన్‌లో, అంటే ముక్కలు చెడకుండా నిలవ ఉంచే ద్రవంలో, వేయకూడదు, రాగి అంటని, తడి లేని పొడి సీసాలో విడిగా పంపాలి, ఆ ఏర్పాటు ఉందో లేదో ముందే అడగమంది. తన కూతురికి మొదటిసారి ముక్కంతా ఫార్మలిన్‌లో వేసేయడంతో రెండోసారి సూది గుచ్చవలసి వచ్చిందట. సిగ్గుపడి నేను దాచిన పసరు మందు సంగతి డాక్టరుగారికి చెప్పించింది కూడా ఆమే.

డాక్టరుగారు విసుక్కోలేదు. మా ఎదుటే ల్యాబుకు ఫోను చేసి సీసా తెప్పించారు. రక్తం గడ్డకట్టే సమయం ఎక్కువగా ఉందని విటమిన్ కె ఇచ్చి, మూడు రోజులు ఆగి మళ్లీ చూశాకే సూది పట్టుకున్నారు. అవసరమైతే రక్తం ఇస్తామని తెల్లవారకముందే వచ్చి కూర్చున్న బాబు లెక్కల మాస్టారికీ, మావారి తోటి ఉద్యోగికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రక్తం ఎక్కించవలసిన అవసరం రాలేదు.

తర్వాత వాడిని కుడిపక్కకు ఒత్తిగిలి కదలకుండా పడుకోమన్నారు. "అమ్మా, కుడి భుజం నొస్తోంది" అన్నాడు. కాలేయం దగ్గర గుచ్చితే నొప్పి భుజంలో తెలుస్తుందని, భయపడకుండా నర్సుకు చెప్పమని అక్క ముందే చెప్పి ఉండకపోతే నేను అక్కడే కూలబడేదాన్ని. నర్సమ్మ నాడి, బీపీ చూసి, సాయంత్రం వరకూ వాడిని కనిపెట్టుకునే ఉంది.

ఎండిన కాలేయం గ్రాములో రాగి 250 మైక్రోగ్రాములు దాటితే విల్సన్‌కు బలమైన ఆధారమట. మా వాడికి 600 పైనే ఉంది. ఒంట్లోని రాగిని బయటికి పంపే పెనిసిలమైన్ మందు పరగడుపున మొదలైంది. రాగి బిందె అటక ఎక్కింది.

చిన్నదానికి కూడా పరీక్షలు చేయించాలన్నారు. సోమవారం తీసుకెళ్తున్నాం. అక్కా, ఆదివారం రాత్రి ఫోను చేస్తాను, కాగితం దగ్గర పెట్టుకునే.