హూమెన్ కోట చూసి వచ్చి అమ్మలుకు వ్రాసిన ఉత్తరం

గ్వాంగ్‌జౌ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకు, నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమిద్దరమూ, తమ్ముడూ క్షేమం. అక్కడ మీ క్షేమ సమాచారాలకు ఉత్తరం వ్రాయగలవు.

నిన్న తమ్ముడు మమ్మల్ని, ఇంగ్లీషువారికీ చైనాకూ మొదటి నల్లమందు యుద్ధం జరిగిన హూమెన్‌కు తీసుకువెళ్ళాడు. ఇక్కడి దక్షిణ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైలులో ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ముత్యాల నది సముద్రంలో కలవబోయే ముందు కొండల నడుమ ఇరుకయ్యే చోటు అది. హూమెన్ అంటే పులి ద్వారమని అర్థమట. 1997లో కట్టిన పెద్ద వంతెన నేడు సరిగ్గా కోట నెత్తిమీదుగా పోతుంది. పైన లారీల హోరు, కింద వేయ్‌యువాన్ కోట. మీ అమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలుసు కదా, ఆవిడ ఆ వంతెన నీడలోనే కూర్చుండిపోయింది.

నదికి అభిముఖంగా కమానుల కింద వరుసగా ఫిరంగి గదులు ఉన్నాయి. ఒక గదిలో నిలబడి బయటకు చూస్తే ఎదురుగా ఉన్న నీళ్ళు తప్ప పక్కన ఏముందో కనిపించదు. నాటి చైనా ఫిరంగులలో చాలావాటిని పక్కకు తిప్పే వీలు లేకపోవడం వల్ల, ఓడ తమ గురికి ఎదురుగా వచ్చేదాకా సైనికులు వేచి ఉండవలసి వచ్చేదట. నౌకాదళాధిపతి గ్వాన్ తియాన్‌పేయ్ 1830లలో ఈ కోటలను బలపరిచి, నదికి అడ్డంగా ఇనుప గొలుసులు కూడా కట్టించాడు. ఎంత చేసినా అవి నదిని కాచే కోటలే, వెనుక కొండవైపు కాపు తక్కువ.

ఆ యుద్ధానికి మూలం మన దేశంలో పండిన సరుకు. పాట్నా, కాశీ ప్రాంతాలలో ఈస్టిండియా కంపెనీవారు రైతుల చేత పండించిన నల్లమందు, దానితో పాటు మాళవ సరుకూ ఓడలకెక్కి ఇక్కడికి చేరేవి. చక్రవర్తి పంపిన లిన్ జెషూ అనే అధికారి విదేశీ వర్తకుల నుంచి 20,283 పెట్టెలను స్వాధీనం చేసుకుని, 1839 జూన్ 3 నుంచి మూడు వారాలకు పైగా ఇక్కడే నాశనం చేయించాడు. గోతులలో ఉప్పునీరు నింపి, నల్లమందు ముద్దలను కోసి వేసి, పైన సున్నం పోస్తే అది కుతకుత ఉడికేదట. ఆటుపోటు చూసుకుని తూము తెరచి సముద్రంలోకి వదిలేవారు. నీళ్ళను మలినం చేస్తున్నందుకు ఆయన ముందుగానే సముద్ర దేవుడికి పూజ చేసి క్షమాపణ చెప్పుకున్నాడు. ఈ మాట చెప్పగానే మీ అమ్మకు ఆ అధికారి మీద ఎక్కడలేని గౌరవం కలిగింది.

ఇక నన్ను రాత్రంతా నిద్రపోనివ్వని సంగతి వేరే ఉంది. 1841 జనవరి 7న ఈ నదీముఖంలోని చువెన్‌పీ కోట మీద ఇంగ్లీషు ఓడలు ముందు నుంచి గుళ్ళు కురిపిస్తుండగా, ఒడ్డున దిగి వెనుకవైపు నుంచి ముట్టడించిన దళాలలో 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫెంట్రీ అనే మన సిపాయిల పటాలం ఉంది. మద్రాసు సైన్యంలో తమిళులతో పాటు మన తెలుగువారూ ఉండేవారని నీకు చిన్నప్పుడు చెప్పాను. అదే ఏడు మే నెలాఖరున, తమ్ముడు రోజూ ఆఫీసుకు వెళుతూ దాటే సాన్‌యువాన్‌లీ దగ్గర, ఆ పటాలంలోని ఒక చిన్న దళం కుండపోత వానలో చిక్కుకుంది. తుపాకులు తడిసి పేలకపోవడంతో చుట్టుముట్టిన పల్లె జనం మధ్య వాళ్ళు గంటల తరబడి నిలబడవలసి వచ్చింది. జీతం కోసం సముద్రం దాటి వచ్చిన ఆ మనుషుల మీద జాలి కలిగింది, అయినా వారు చేసిన పనిని సమర్థించడానికి నాకు నోరు రాలేదు. టికెట్టు కొనుక్కుని చూసిపోయే పరాయివాడిలా ఆ గోడల దగ్గర నేను నిలబడలేకపోయాను.

గ్వాన్ తియాన్‌పేయ్ అప్పటికి అరవై ఏళ్ళవాడు. గెలుపు లేదని తెలిసిన ఆయన, ఊడిపోయిన తన పళ్ళు కొన్ని, పాత బట్టలు కొన్ని ముందే ఇంటికి పంపించాడని చెబుతారు. 1841 ఫిబ్రవరి 26న ఈ హూమెన్ కోటల దగ్గరే పోరాడుతూ చనిపోయాడు. తమ్ముడు ఆ కథ చెప్పినప్పుడు మీ అమ్మ, “ఆ మూట విప్పింది ఎవరో పాపం” అని, రైలు ఎక్కేదాకా ఇంకేమీ మాట్లాడలేదు.

ఫోటోలు తమ్ముడు పంపుతాడు. అల్లుడిగారికి మా ఆశీస్సులు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ నాన్న