మా పాటకు రోజూ ఒక వేళ కేటాయించండి

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రివర్యులకు,

విజయనగరం జిల్లా పల్లెలో పుట్టి పెరిగిన శ్రోతగా, మా ప్రాంతపు జానపద పాటకు ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రంలో రోజూ ఒక వేళ కేటాయించాలని ఈ విన్నపం చేసుకుంటున్నాను.

మా ఊళ్లో ఎవరూ సంగీతాన్ని ఏరి కోరి వినలేదు. చెవిన పడినదే పదేపదే పడి అభిరుచిగా మారింది. ధనుర్మాసంలో తెల్లవారకముందే రామాలయం మైకులో ఘంటసాల గొంతు, ఊడుపుల వేళ ఆడవాళ్లు అందుకునే పాట, గ్రామదేవత పండుగ రాత్రి జముకు వాద్యం మోగిస్తూ చెప్పే జముకుల కథ, ఛాతీకి గుండ్రటి తప్పెట్లు కట్టుకుని ఆడే తప్పెటగుళ్లు, పెళ్లిపందిట్లో సన్నాయి అన్నీ కలిసే మాకు పాట నేర్పాయి. ఒక్క రాగం పేరైనా తెలియని మా తాతగారు సన్నాయి శ్రుతి తప్పితే ఇట్టే పట్టేసేవారు.

1952లో మీ శాఖను చేపట్టిన బి.వి. కేస్కర్ గారి హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెడితే, శ్రోతలు పొరుగుదేశపు రేడియో సిలోన్‌కు మళ్లారు. చివరికి 1957లో వివిధ భారతి పెట్టి ఆ పాటలనే పిలుచుకోవలసి వచ్చింది. అందుకే సినిమా పాటలనైనా, మరి దేన్నైనా ఆపమని అడగడం లేదు. విజయవాడ కేంద్రం ఉదయాన్నే క్రమం తప్పక వినిపించిన భక్తిరంజని వల్ల, సంగీతం నేర్వని ఇళ్లలోనూ తత్వాలు నోటికొచ్చాయి. అలాంటి వేళ ఒకటి మా పాటకూ కావాలి.

మా వైపు జముకుల కథ చెప్పిన పెద్దాయన కన్నుమూసినప్పుడు ఆయన గొంతు ఒక్క క్యాసెట్‌లోనూ మిగల్లేదు. దొరకని పాటను జాతరల్లో డీజే కుర్రాళ్లు ఎలా వాయిస్తారు? ఏడాదికోసారి వేదికెక్కించి శాలువా కప్పడం గౌరవమే గానీ, దానివల్ల ఏ పిల్లవాడి చెవికీ ఆ పాట అలవాటు కాదు.

కథను స్టూడియోలో పదిహేను నిమిషాలకు కుదిస్తే వంత పాడేవారి ఊతమూ, జనం ఊకొట్టడమూ పోతాయి. కనుక పండుగ జరిగే చోటికే సిబ్బందిని పంపి పూర్తిగా రికార్డు చేయించండి. రోజూ సాయంత్రం ఒకే సమయానికి అరగంట ప్రసారం చేయించండి. పాడినవారికి పారితోషికమిచ్చి, వారి అనుమతితో, జాతరల్లో ఎవరైనా వాయించుకునేలా ఆ రికార్డింగులను ఇంటర్నెట్‌లో ఉంచండి. రానున్న పైడితల్లి సిరిమానోత్సవం నాటికైనా తొలి రికార్డింగు జరిగేలా విశాఖ కేంద్రానికి ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
విజయనగరం జిల్లా శ్రోత