జులై ప్రోగ్రాంకు డిసెంబరు తేదీలు వేసిన లండన్ ప్యాకేజీపై ఫిర్యాదు

నల్లగొండ,
2025 నవంబరు 12.

మేనేజర్ గారికి,
విదేశీ టూర్ల విభాగం,
హైదరాబాద్.

విషయం: డిసెంబరు 24 నుంచి 29 దాకా లండన్ ఫ్యామిలీ క్రిస్మస్ ప్యాకేజీ. ప్రోగ్రాంలో తప్పులు, వీసా ఆలస్యం, టీసీఎస్ పన్ను అదనపు కోత గురించి.

అయ్యా,

మా మూడు కుటుంబాలవాళ్లం కలిపి 11 మందిమి. తలకు 2 లక్షల చొప్పున 22 లక్షలు ఆగస్టులోనే మీ నల్లగొండ బ్రాంచిలో కట్టాం. మూడేళ్ల పాపకూ 74 ఏళ్ల పెద్దావిడకూ ఒకటే రేటు వేశారు, ఒప్పుకున్నాం. మీరు పంపిన రోజువారీ ప్రోగ్రాం పోయిన వారం చేతికొచ్చింది. చదివితే తేలింది ఒక్కటే. వేసవిలో నడిపే లండన్ ప్రోగ్రాంను తీసి, తేదీలు మాత్రం మార్చి, పేరులో క్రిస్మస్ అని చేర్చి, పండగ రేటుకు మాకు అమ్మారు.

రుజువు మీ కాగితంలోనే ఉంది. 25వ తేదీ కింద "రాత్రి 8:30కి లండన్ ఐ మీది నుంచి సూర్యాస్తమయం" అని రాశారు. జులైలో అక్కడ పొద్దు తొమ్మిది ప్రాంతంలో గుంకుతుంది కాబట్టి అప్పుడు ఆ మాట నిజం. డిసెంబరు చివరి వారంలో పొద్దున 8 దాటితే గానీ తెల్లవారదు, సాయంత్రం 4 కాకముందే పొద్దుగుంకుతుంది. పగలు మొత్తం ఎనిమిది గంటలు కూడా ఉండదు. పైగా లండన్ ఐ అనే ఆ జెయింట్ వీల్ డిసెంబరు 25న తిరగదు.

మన దగ్గర క్రిస్మస్ నాడు ఆర్టీసీ బస్సు ఆగదు, ప్రకాశం బజారు మూతపడదు. చర్చి నుంచి వచ్చి బిర్యానీ తిని బట్టల దుకాణానికి పోవచ్చు. లండన్ అట్లా కాదు. డిసెంబరు 25న ట్యూబ్ అనే మెట్రో రైళ్లు, సిటీ బస్సులు, ఎలిజబెత్ లైను, డీఎల్‌ఆర్ అనే నగర రైళ్లు, ట్రాములు అన్నీ పూర్తిగా బంద్. దేశం మొత్తమ్మీద మామూలు రైళ్లూ ఉండవు, విమానాశ్రయం నుంచి నడిచే హీత్రో ఎక్స్‌ప్రెస్ కూడా ఉండదు. నడిచేవి టాక్సీలు, ముందుగా మాట్లాడుకున్న వ్యాన్లు, అక్కడక్కడా దూరప్రాంతపు కోచ్‌లు. 280 చదరపు మీటర్లకు మించిన దుకాణం ఆ రోజు తెరవకూడదని ఇంగ్లండ్, వేల్స్‌లో 2004 నుంచి చట్టమే ఉంది. అలాంటి రోజు మీ ప్రోగ్రాం ఏమంటోంది? పొద్దున 9:30కి ట్యూబ్‌లో బ్రిటిష్ మ్యూజియం, మధ్యాహ్నం నేచురల్ హిస్టరీ మ్యూజియం, సాయంత్రం ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో షాపింగ్, ఆ తర్వాత పైన చెప్పిన సూర్యాస్తమయం. ఈ నాలుగింటిలో ఒక్కటీ జరిగేది కాదు. రెండు మ్యూజియాలూ 24, 25, 26 తేదీల్లో మూసే ఉంటాయి. టవర్ ఆఫ్ లండన్ అనే పాత కోట కూడా అంతే. దాన్ని మీరు 26 పొద్దున్నే పెట్టారు.

అదే 26 మధ్యాహ్నం రైల్లో ఆక్స్‌ఫర్డ్ ప్రయాణం అన్నారు. బాక్సింగ్ డే అనే ఆ క్రిస్మస్ మర్నాటి సెలవు నాడు ట్యూబ్, సిటీ బస్సులు తక్కువగానైనా నడుస్తాయి గానీ, ఊళ్ల మధ్య రైళ్లు చాలా మార్గాల్లో తిరగవు. పట్టాల మరమ్మతులు పెట్టుకునేది కూడా ఆ సెలవు రోజుల్లోనే. 28 ఆదివారం వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే లోపలి సందర్శన అని వేశారు. అది చర్చి, ఆదివారం అక్కడ ప్రార్థనలకే ప్రవేశం, టికెట్ కొని తిరిగి చూడడం ఉండదు. తేదీలు మార్చినవారు వారం కూడా చూసుకోలేదన్నమాట.

ఇంతకన్నా పెద్ద ఇబ్బంది హోటల్. బుక్ చేసేటప్పుడు "సెంట్రల్ లండన్" అన్నారు. ఓచర్ మీదున్న చిరునామా చూస్తే హీత్రో పక్కన, నగరం నడిబొడ్డుకు 20 కిలోమీటర్ల పైనే. మామూలు రోజుల్లో ట్యూబ్‌లో గంట ప్రయాణం అనుకుని సర్దుకోవచ్చు. 25న ఆ ట్యూబ్ కూడా లేదు. పదకొండు మందిమి హైవే పక్కన గదుల్లో కూర్చోవడానికి తలకు రెండు లక్షలు కట్టలేదు. వాటర్లూ, వెస్ట్‌మిన్‌స్టర్, సదర్క్ చుట్టుపక్కల హోటల్ ఇస్తే ఆ రోజు బండి లేకున్నా నడిచి తిరగొచ్చు. క్రిస్మస్‌కు లండన్ పోయేవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఇదే, ఎన్ని నక్షత్రాల హోటలన్నది ఆ తర్వాత. గదుల సంగతీ చెప్పాలి. నలుగురికి ఒక గది అని రాసి, ఓచర్‌లో "ఇద్దరు పెద్దలు" అనే చూపించారు. అక్కడ గదికి రాసిన సంఖ్యకు మించి మనుషులు వస్తే, ఇక్కడి లాడ్జిలో లాగ పరుపు ఒకటి ఎక్కువ వేయించుకుని సర్దుకోవడం కుదరదు.

24న దిగే సమయం కూడా లెక్కతో వేయలేదు. విమానం సాయంత్రం 6కు దిగుతుంది. ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి 8 అవుతుంది. అప్పటికి పెద్ద సూపర్ మార్కెట్లు మూసేస్తాయి, రైళ్లు పలచబడతాయి. మర్నాడు అన్నీ బంద్ కాబట్టి పసిపిల్లకు పాలు, రొట్టె, పండ్లు ఆ రాత్రికే గదిలో ఉండాలి. మీ కాగితంలో 25 మధ్యాహ్నం, రాత్రి భోజనాలకు "ఇండియన్ రెస్టారెంట్" అని మాత్రం ఉంది, పేరు లేదు. ఆ రోజు తెరిచే హోటళ్లు పండగ మెనూ పెట్టి ముందే డబ్బు కట్టించుకుని బల్లలు ఇస్తాయి, అవి వారాల ముందే నిండిపోతాయి. పేరు, సమయం, కట్టిన రసీదు లేకుండా ఆ మాటకు విలువ లేదు.

విమానాశ్రయం నుంచి ఒక "సెవన్ సీటర్" అన్నారు. మనుషులం 11 మంది, పెద్ద సూట్‌కేసులు 11. ఎనిమిది సీట్ల వ్యాన్‌లో ఎనిమిది మంది ఎక్కితే వెనక ఎనిమిది పెద్ద పెట్టెలు పట్టవు. రెండు వ్యాన్లన్నా పెట్టాలి, లేదా 16 సీట్ల మినీబస్సన్నా. ఆ కిందే "కంజెషన్ చార్జి ప్రయాణికులే భరించాలి" అని ఉంది. నగరం నడిబొడ్డులోకి వచ్చే బండ్ల మీద వేసే ఆ చార్జి డిసెంబరు 25 నుంచి జనవరి 1 దాకా లండన్‌లో వసూలు చేయరు. లేని దాన్ని మా ఖాతాలో రాయొద్దు.

లేనివి ఇంకా రెండున్నాయి. "మ్యూజియం ప్రవేశ రుసుములు కలిపి" అని గొప్పగా రాశారు. పైన చెప్పిన రెండు మ్యూజియాల్లోనూ మామూలు ప్రవేశం ఉచితం. "పిల్లల ట్రావెల్ కార్డులు – 4" అని డబ్బు వేశారు. మా పిల్లల వయసులు 3, 7, 9, 13. పదకొండేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లతో ఉంటే ట్యూబ్‌లో ఉచితం, ఒక్క పెద్ద మనిషితో నలుగురి దాకా పోవచ్చు. బస్సుల్లోనూ వాళ్లకు చార్జీ లేదు. పదమూడేళ్ల బాబుకు మాత్రం ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డు కొని, స్టేషన్‌లో సిబ్బందితో "యంగ్ విజిటర్" తగ్గింపు ఎక్కించుకుంటే 14 రోజుల దాకా సగం చార్జీ. పెద్దవాళ్లకు కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు చాలు, కాకపోతే మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు పోవడానికి లేదు. బస్సుకు 1.75 పౌండ్లు, మొదటి బస్సు ఎక్కిన గంటలోపు ఇంకో బస్సు మారినా మళ్లీ కోయరు. నగదు తీసుకోరు. ఇవి మీరు మాకు చెప్పాల్సినవి.

వీసా దగ్గరికొద్దాం. బ్రిటన్ విజిటర్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మాకు ఆ గడువు సెప్టెంబరు 24న మొదలైంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల జనన ధృవీకరణ పత్రాలు, సెలవు లేఖలు అన్నీ సెప్టెంబరు 20 నాటికే మీ బ్రాంచిలో ఇచ్చాం, రసీదు ఉంది. ఇవాళ్టికీ వేలిముద్రల అపాయింట్‌మెంట్ తీసుకోలేదు. వేలిముద్రలు ఇచ్చాక మామూలుగా మూడు వారాలు పడుతుంది. ఇప్పుడు మీ ఏజెంటు ఫోన్ చేసి, వీసా త్వరగా తేలడానికి "ప్రయారిటీలో వేద్దాం, తలకు 500 పౌండ్లు మీరే కట్టుకోవాలె" అంటున్నాడు. పదకొండు మందికి 5,500 పౌండ్లు! ఏడు వారాలు ఫైలు బీరువాలో పెట్టింది మీరు, ఆ ఖర్చు మాది ఎట్లా అవుతుంది? నవంబరు 20 లోపు అందరికీ అపాయింట్‌మెంట్ దొరికితే మామూలు దారిలోనే డిసెంబరు రెండో వారానికి పాస్‌పోర్టులు చేతికి రావొచ్చు. దొరక్కపోతే ప్రయారిటీ రుసుము మీరే భరించాలి.

మూడేళ్ల పాపను హైదరాబాద్ తేనక్కర్లేదని కూడా ఆయనే చెప్పాడు. తప్పు. ఐదేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు తీయరు గానీ, ఫొటో కోసం అక్కడి వీసా కేంద్రానికి తీసుకుపోవాల్సిందే. ఆ మాట నమ్మి వదిలేసి పోతే పాప దరఖాస్తు ఒక్కటీ ఆగిపోతుంది, దానితో మొత్తం ప్రయాణం ఆగుతుంది. పిల్లలైనా ఎవరి దరఖాస్తు వారిదే, ఎవరి రుసుము వారిదే.

మీరిచ్చిన "తీసుకెళ్లాల్సిన వస్తువులు" కాగితంలో నెయ్యి, పాలకోవా, మటన్ పచ్చడి ఉన్నాయి. మన దేశం నుంచి బ్రిటన్‌కు మాంసం, పాల పదార్థాలు ప్రయాణికులు తీసుకుపోకూడదు, అక్కడ దొరికితే లాగేసుకుంటారు. మామిడికాయ తొక్కు, కారప్పొడులు, సకినాలు తీసుకుపోవచ్చు. తొక్కు సీసాను చేతి సంచిలో పెడితే ద్రవపదార్థం కింద శంషాబాద్‌లోనే ఆపేస్తారు కాబట్టి, చెకిన్ పెట్టెలోనే, రెండు కవర్లలో కట్టి పెట్టాలి. ఆ కాగితం ఇంకెవరికీ ఇవ్వకుండా వెనక్కి తీసుకోండి.

ఇన్సూరెన్సు పాలసీలో పెద్దావిడ బీపీ, షుగరు రాయలేదు. ముందు నుంచి ఉన్న జబ్బులు చెప్పకుండా తీసిన పాలసీ అవసరం పడ్డ రోజున పనికిరాదు. అక్కడ విజిటర్ వీసా మీద పోయినవారికి ఆసుపత్రిలో చేర్చుకుంటే ప్రభుత్వ ఆసుపత్రి అయినా మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తుంది. జబ్బులు రాయించి కొత్త పాలసీ తీయండి.

ఇక టీసీఎస్, అంటే ప్యాకేజీ సొమ్ముతో పాటు మీరు వసూలు చేసి సర్కారుకు కట్టే ఆదాయపు పన్ను. విదేశీ టూర్ ప్యాకేజీ మీద ఈ 2025-26 ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల దాకా 5 శాతం, అది దాటిన సొమ్ముపై 20 శాతం. ఆ 10 లక్షల లెక్క ఒక్కో పాన్‌కు వేరు. మా మూడు కుటుంబాలు 8, 8, 6 లక్షలు విడివిడిగా, మూడు పాన్‌లు ఇచ్చి కట్టాయి. మీరు మొత్తం 22 లక్షలను ఒకే పాన్ మీద వేసి 50 వేలు, 2 లక్షల 40 వేలు కలిపి 2,90,000 కోశారు. సరిగ్గా వేస్తే 1,10,000. లక్షా ఎనభై వేలు ఊరికే ఇరుక్కుపోయాయి. "రిటర్న్‌లో వెనక్కి వస్తాయి కదా సార్" అన్నారు మీ అకౌంట్సువాళ్లు. వస్తాయి, వచ్చే ఏడు, అదీ ఒక్కరి పేరు మీద. మిగతా ఇద్దరు కట్టిన పైసలకు లెక్కే ఉండదు. ఆగస్టు వసూలుకు టీసీఎస్ సర్టిఫికెట్, అంటే ఫారం 27డీ, అక్టోబరు 30 లోపే ఇవ్వాలి, అదీ రాలేదు. సవరణ స్టేట్‌మెంట్ వేసి, మూడు పాన్‌ల మీద విడగొట్టి, మూడు సర్టిఫికెట్లు ఇవ్వండి.

ప్రోగ్రాం ఎట్లా మార్చాలో కూడా చెప్తున్నాం, మళ్లీ వేసవి ఫైలు తీయకుండా. 25 పొద్దున చర్చి. సెయింట్ పాల్స్‌లోనూ వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలోనూ క్రిస్మస్ ఆరాధనకు టికెట్ డబ్బులుండవు, వేళలు చూసి ముందుగా పోయి వరుసలో నిలబడాలి. తర్వాత ట్రఫాల్గర్ స్క్వేర్. అక్కడి క్రిస్మస్ చెట్టును 1947 నుంచి ఏటా నార్వేలోని ఓస్లో నగరం పంపిస్తోంది. అక్కడి నుంచి వైట్‌హాల్ మీదుగా పార్లమెంటు దాకా దాదాపు కిలోమీటరు, వంతెన దాటితే థేమ్స్ ఒడ్డు. పిల్లలు నడుస్తారు, పెద్దావిడకు ఒక వ్యాన్ ముందే మాట్లాడి ఉంచండి. మూడున్నర లోపు బుక్ చేసిన హోటల్లో భోజనం. 26 ఆలస్యంగా బయల్దేరి హైడ్ పార్క్‌లో వింటర్ వండర్‌లాండ్ అనే శీతాకాలపు జాతర, దానికి సమయం వేసిన టికెట్లు ముందే కొనాలి. 27న టవర్, బ్రిటిష్ మ్యూజియం, చీకటి పడ్డాక లండన్ ఐ. 28 ఆదివారం నేచురల్ హిస్టరీ మ్యూజియం. పెద్ద దుకాణాలు ఆ రోజు ఆరు గంటలే తెరిచి ఉంటాయి కాబట్టి షాపింగ్ మధ్యాహ్నానికే పెట్టండి. అబ్బే 29 సోమవారం పొద్దున, వేళలు సరిచూసి. ఆక్స్‌ఫర్డ్ తీసేసి ఆ డబ్బు తిరిగి ఇవ్వండి.

మారిన ప్రోగ్రాం, నగరం లోపలి హోటల్ ఓచర్లు, 25 నాటి భోజనం రసీదు, వీసా అపాయింట్‌మెంట్ తేదీలు నవంబరు 19 లోపు రాతపూర్వకంగా అందాలి. అందకపోతే ప్యాకేజీ రద్దు చేసి 22 లక్షలూ తిరిగి కట్టాలి. అదీ జరగకపోతే వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మూడు కుటుంబాలం మూడు కేసులు వేస్తాం. మీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేముండే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఎనిమిది లక్షల కేసుకు రుసుము 200 రూపాయలు, మీ ఏజెంటు అడుగుతున్న ప్రయారిటీ కన్నా చాలా చవక.

జత: చెల్లింపు రసీదులు, మీ ప్రోగ్రాం నకలు (తప్పులకు ఎర్ర గీతలతో), హోటల్ ఓచర్, వీసా పత్రాలు అందినట్టు మీ బ్రాంచి ఇచ్చిన రసీదు.

ఇట్లు,
మూడు కుటుంబాల తరఫున,
(సంతకాలు)
నల్లగొండ.