మా పంటను గట్టెక్కించిన వారికి కృతజ్ఞతలు

2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుఫాను, కోసి ఆరవేసిన మా వరి పనలను మడిలోనే ముంచేసింది. నూర్పిడి నిన్ననే పూర్తయింది. ఒళ్లంతా పులిసిపోయి ఉన్నా, సాయపడిన వారికి ఒక మాట చెప్పకుండా పడుకోవడానికి మనసొప్పడం లేదు.

ముందుగా పొరుగూరి పెద్దమ్మకు. పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు. హైదరాబాదులో ఉద్యోగం మానేసి తాతగారి పొలం చేసుకోవడానికి వచ్చిన నాటి నుంచి నన్ను పలకరించిన ప్రతివారూ "ఉద్యోగం పోయిందా?" అనో, "ఇక పిల్లనెవరిస్తారు?" అనో అన్నవారే. మోకాలి లోతు నీటిలో దిక్కుతోచక నిలబడ్డ నన్ను చూసి ఆగిన ఆవిడ మాత్రం "ఏ రకం వేశావయ్యా?" అని అడిగారు. బీపీటీ 5204, అదే సాంబ మసూరి అనగానే కొంగు నడుముకు చుట్టి మడిలోకి దిగి, ఒక కంకి దూసి, గింజ మొనన తెల్లగా పొడుచుకొస్తున్న మొలకను అరచేతిలో చూపించి, రేపటిదాకా ఆగితే ఇది నారుమడేనన్నారు. అప్పటికప్పుడు తన ముఠాను పిలిపించి, పనలన్నీ గట్టు మీదికి మోయించి, మొలక ఆగేందుకు కంకులపై ఉప్పునీళ్లు కొట్టించారు. లీటరుకు 50 గ్రాములని శాస్త్రవేత్తలు చెప్పే ద్రావణమే అది. ఆవిడ లెక్క మాత్రం బిందెకు ఇన్ని గుప్పిళ్లని. కూలి అందరికీ పంచి, తన వంతు వచ్చేసరికి "ధాన్యం అమ్మాక ఇద్దువులే" అని వెళ్లిపోయారు. నేను గట్టు మీద కూర్చుని ఏడ్చిన సంగతి ఊరంతటికీ తెలిసిందే.

అమ్మ, నాన్న, బావ వెంటే ఉన్నారు. వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇంత చేసినా తేమ 17 శాతం దాటితే మద్దతు ధరకు కొనరు. తుఫాను వెళ్లాక ఎండ మొహం చూపని రోజుల్లో ఆ తేమ ఎలా దిగుతుందో అడిగితే జవాబు లేదు. కొనుగోలు కేంద్రం యంత్రంలో ఒక అంకె చూపిన ధాన్యం మిల్లుకు చేరేసరికి మరో అంకె చూపుతుంది, ఆ తేడాకు కోత పడేది రైతుకే. 2023-24 సీజనుకు గ్రేడ్-ఏ రకానికి క్వింటాకు 2203 రూపాయలని చెప్పినవారు గోనె సంచులు ఎప్పుడిస్తారో మాత్రం చెప్పరు.

మరిచాను: ఉప్పు బస్తా అరువిచ్చిన కిరాణా కొట్టు బాబాయికి, డీజిలు డబ్బులైనా పుచ్చుకోని ట్రాక్టరు తమ్ముడికి, ముఠా మొత్తానికి ఇడ్లీలు కట్టి పంపిన హోటలు అక్కకు కూడా నమస్కారాలు. బరకాలు ఇచ్చిన వారు చాలామంది ఉన్నారు, అవన్నీ కలిసిపోయి మా వసారాలో ఉన్నాయి. ఎవరివి వారు గుర్తుపట్టి తీసుకువెళ్లగలరు.