ఇంజను కంటే ముందు పట్టా

బిట్రగుంట

అమ్మలూ,

నీ బొమ్మ రైలు లేఅవుటుకి కొనాల్సినవి రాసి నువ్వు పంపిన పట్టీ చూశా. ఇంజను, ఎల్‌హెచ్‌బీ అనే కొత్తరకం పొడుగాటి పెట్టెలు, స్టేషను బిల్డింగు అన్నీ వరసగా రాసి, పట్టాలూ, బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళించే పాయింట్లూ మాత్రం ‘మిగిలిన డబ్బుతో’ అని అడుగున పెట్టావు. ఆ వరస తిరగెయ్యి తల్లీ. ఇంజను నచ్చకపోతే రేపు మార్చుకుంటావు. బల్లకి అంటించి కంకర పోసిన పట్టాని పీకితే కట్టిందంతా పీకినట్టే.

పాయింట్ల సంగతి ముందు చెప్తా, యార్డులో నా ఉద్యోగమంతా వాటి దగ్గరే గడిచింది కదా. మన లైన్లో ప్యాసింజరు బండ్లు లూపులోకి, అంటే మెయిన్ లైను నుంచి విడిపోయి ముందు మళ్ళీ కలిసే పక్క లైనులోకి, తిరిగే చోట ఒకటికి పన్నెండు పాయింటు వేస్తారు. అంటే పన్నెండు అడుగులు ముందుకు పోతే ఒక్క అడుగు పక్కకి విడిపోతుంది. యార్డులో ఎనిమిదిన్నర చాలు. నువ్వు కొనే హెచ్‌ఓ (అసలు రైలుకి 87వ వంతు సైజు) పాయింట్ల మీద 4, 5, 6, 8 అని ఉండే నంబర్లూ ఇదే లెక్క. లూపుకి 6 కంటే తక్కువ కొనబాక. గూడ్స్ పెట్టెలు నిలిపే సైడింగుకి 5 పెట్టుకో. ఒక లైను నుంచి పక్క లైనుకి దాటే చోట మాత్రం చోటు చూసుకుని 8 వెయ్యి. అక్కడ బండి ఒక పక్కకి వంగీ వంగగానే రెండో పక్కకి వంగాలి. పొడుగాటి పెట్టెల మూలలు ఎదురెదురుగా జరిగి, కప్లింగు పక్కకి లాగి, చక్రం పట్టా ఎక్కేస్తుంది.

ఇంకోటి, పాయింటులో పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట ఉండే క్రాసింగు ముక్క ప్లాస్టిక్‌దా, కరెంటు పారే లోహానిదా అని అడిగి కొను. ప్లాస్టిక్‌దైతే వైరింగు సులువే గానీ, చిన్న షంటింగు ఇంజను నెమ్మదిగా పోతా దాని మీద ఆగిపోతుంది. లోహానిదే తీసుకో. క్రాసింగు దాటాక లోపలి పట్టాలు రెండింటికీ ప్లాస్టిక్ జాయినర్లు (పట్టాల్ని కలుపుతాయి గానీ కరెంటు దాటనివ్వవు) వెయ్యి, లేకపోతే షార్టవుతుంది. దారి మార్చినప్పుడు క్రాసింగు ముక్కలో కరెంటు మారడానికి, పక్కకి జరిగే నాలుక పట్టా తాకిడిని నమ్ముకోబాక, దుమ్ము పడితే అది పనిచెయ్యదు. పాయింటుతో పాటు కదిలే చిన్న మైక్రోస్విచ్ పెట్టు.

చవగ్గా వస్తున్నాయన్న ఆ పాత ఇత్తడి పట్టాలు వద్దు. చెన్నై ఉప్పుగాలికి ఇత్తడి మీద పొర కడుతుంది, ఆ పొరలో కరెంటు పారదు. నికెల్ సిల్వర్‌వి తీసుకో. దాంట్లో వెండేం లేదు, రాగి, నికెల్, జింకే. దానికీ మరక పడుతుంది గానీ తుడుచుకుంటే చాలు. కోడ్ 83 అంటే పట్టా ఎత్తు అంగుళంలో 83 వెయ్యో వంతులు. నీకది సరిపోతుంది.

మలుపుల దగ్గర పిసినారితనం చెయ్యబాక. ఎల్‌హెచ్‌బీ పెట్టె 87వ వంతుకి దిగితే దాదాపు 27 సెంటీమీటర్లు. వ్యాసార్ధం దానికి మూడింతలన్నా ఉండాలి, అంటే 81. పూర్తి చుట్టుకి బల్ల వెడల్పు అయిదున్నర అడుగులు దాటుతుంది. అంత పట్టకపోతే పాత పొట్టి పెట్టెలు నడుపు, మలుపు మాత్రం బిగించబాక.

మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, హెచ్‌ఓ పట్టా 16.5. లెక్క ప్రకారం 19 పైన రావాల. తేడా నాకూ కనిపిస్తుంది గానీ, ఆ వెడల్పుకి పాయింట్లు చేత్తో చేసుకోవాల్సిందే. మొదటి లేఅవుటుకి ఆ కష్టం వద్దు.

గది కొలతలు, తలుపు ఎటు తెరుచుకుంటుందో రాసి పంపు. అమ్మ ఆదివారం అక్కడికి వస్తుంది, లూపు గీసి తనకిచ్చి పంపుతా. అప్పటిదాకా ఏమీ కొనబాక.

నాన్న