పాత కార్బురేటర్లను పారవేయనక్కరలేదు

సంపాదకులకు నమస్కారం.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 వంటి కార్లను ప్రేమగా కాపాడుకుంటున్నవారు విజయవాడలో ఇంకా ఉన్నారు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్ కారుతోందని చెప్పగానే పాతదాన్ని తీసి పారేసి, ఊరూపేరూ లేని చౌకరకాన్ని బిగించడం సరికాదని నా అభిప్రాయం. చాలాసార్లు చెడేది లోపలి చిన్న భాగాలే కాబట్టి, ఓపిక ఉన్నవారు వాటిని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు.

పెట్రోలు పొంగిపొర్లుతుంటే ముందు పెట్రోలు రాకను ఆపే సూదిలాంటి నీడిల్ వాల్వును, పెట్రోలుపై తేలుతూ దాన్ని మూసే ఫ్లోటును చూడాలి. నీడిల్ మొన చుట్టూ గాడి పడితే అది తాను మూసే రంధ్రపు అంచుపై (సీటుపై) సరిగా కూర్చోదు కనుక నీడిల్‌ను, సీటును జతగా మార్చడమే మంచిది. ఇత్తడి ఫ్లోటును వేడినీళ్లలో ముంచితే చిల్లున్న చోట బుడగలు వస్తాయి. లోపలి పెట్రోలు, ఆవిరి పూర్తిగా పోకముందే టంకం పెట్టబోవడం ప్రాణాపాయం. టంకం ఎక్కువైతే ఫ్లోటు బరువెక్కి, పెట్రోలు మట్టం పెరిగి, మళ్లీ పొంగుతుంది. స్క్రూలను అతిగా బిగించినందువల్ల మూత వంగితే మాత్రం అతుకుల మధ్య పెట్టే గ్యాస్కెట్లు ఎన్ని మార్చినా చెమ్మ ఆగదు.

అరుగుదల సంగతి వేరు. ఇంజనులోకి వెళ్లే మిశ్రమాన్ని అదుపుచేసే థ్రాటిల్ పలకను తిప్పే కడ్డీని థ్రాటిల్ షాఫ్టు అంటారు. అది తిరిగే రంధ్రం అరిగితే అక్కడినుంచి గాలి చొరబడి, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి, ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజను నెమ్మదిగా తిరగడం) నిలకడ తప్పుతుంది. చాలామంది దీన్ని గుర్తించక స్క్రూలు తిప్పి ఐడ్లింగ్ పెంచుతారు, పెట్రోలును కొలతగా వదిలే జెట్లు మారుస్తారు. అసలు లోపం అలాగే ఉండిపోతుంది. ఇంజను నడుస్తుండగా షాఫ్టు చివర చిక్కని ఆయిలు చుక్క వేసినప్పుడు ఐడ్లింగ్ కాసేపు కుదుటపడితే లోపం అక్కడే ఉందని గ్రహించాలి. ఈ ఒక్క పనిని ఇంట్లో తలపెట్టకుండా, ఆటోనగర్‌లో అనుభవమున్న లేత్ పనివారి చేత ఆ రంధ్రంలో కంచు బుష్ (గొట్టంలాంటి తొడుగు) వేయించుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు థ్రాటిల్ పలక స్క్రూలు ఊడకుండా చివరలు అణచారో లేదో దగ్గరుండి చూసుకోవాలి, ఎందుకంటే ఊడిన స్క్రూ నేరుగా ఇంజనులోకి పోతుంది.

విప్పే పని ఆరుబయటే చేయాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కావడంతో నేలబారున పాకి దేవుడి గదిలోని దీపాన్ని సైతం చేరగలదు.

ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలును దృష్టిలో పెట్టుకొని ఈ పాత కార్లను తయారుచేయలేదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాతరకం రబ్బరు గొట్టాలను, సీళ్లను దెబ్బతీస్తుంది. కాబట్టి రిపేరు కిట్ల ప్యాకెట్లపై అవి ఇథనాల్‌ను తట్టుకుంటాయో లేదో తెలుగులో ముద్రించేలా అధికారులు ఆదేశించాలి. ఆటోనగర్‌లోని అనుభవజ్ఞులైన మెకానిక్కులు ఇటువంటి మరమ్మతులను బొమ్మలతో వివరించేందుకు మీ జిల్లా అనుబంధంలో కొంత చోటు కేటాయించవలసిందిగా మనవి.

– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ