మిర్చి ఆకుతో నేర్చిన పాఠం

సంపాదకులకు,

నర్సంపేట దగ్గర ఓ డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా మైక్రోబయాలజీ చెబుతాను. పీసీఆర్ (వేడి పెంచుతూ తగ్గిస్తూ డీఎన్‌ఏ ముక్కకు కోట్ల నకళ్లు తీసే పరీక్ష) గురించి అడిగితే మా పిల్లలు అందులోని మూడు దశల వేడి 94, 55, 72 డిగ్రీలని గడగడా రాసేస్తారు. మెషిన్ మాత్రం ఎన్నడూ చూడలేదు. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకోవడమే ఆ పరీక్షతో వాళ్లకున్న పరిచయం.

ఈసారి ఫైనలియర్ వాళ్లతో మిర్చి ఆకుల్లో ఆకుముడత తెచ్చే జెమిని వైరస్ ఉందో లేదో చూసే ప్రాజెక్టు చేయించాను. క్లాసులో సగం మందివి మిర్చి వేసే ఇళ్లే. పైగా ఆ వైరస్ మనుషులకు అంటదు. ఆకులు నూరి డీఎన్‌ఏ తీయడం కాలేజీలోనే. ట్యూబులను ఐసు నింపిన థర్మకోల్ డబ్బాలో పెట్టి, తెలిసినవాళ్ల ల్యాబ్‌కు ఆర్టీసీ బస్సులో హనుమకొండ తీసుకెళ్లాం. చేపలా అని అడిగాడు కండక్టర్.

పీసీఆర్ అయ్యాక జెల్ మీద బ్యాండ్లు, అంటే వైరస్ డీఎన్‌ఏ ఉందని చెప్పే గీతలు, మెరవగానే చప్పట్లు కొట్టారు. చూస్తే, పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో తెలియడానికి కంట్రోల్‌గా ఉత్త నీళ్లు వేసిన చోట కూడా బ్యాండ్! ఆకే లేని ట్యూబులో వైరస్ ఎక్కడిది? ఒక్క డీఎన్‌ఏ ముక్క పడితే చాలు, సైకిల్‌కోసారి రెట్టింపవుతూ 30 సైకిళ్లలో వంద కోట్లు అవుతుంది. కాసేపటికి ఓ అమ్మాయి "మధ్యలో పిపెట్ టిప్ మార్చలేదు సార్, ఆకు ట్యూబులో ముంచిందే నీళ్లలోనూ ముంచా" అంది, మొహం చిన్నబుచ్చుకుని. మళ్లీ మొదటి నుంచి చేశాం. నీళ్ల ట్యూబు ఖాళీ. ఏడు ఆకుల్లో నాలుగింటికే బ్యాండ్ వచ్చింది.

మిగతా మూడూ ముడుచుకున్నవే. అంచులు పడవలా పైకి లేచి ఉన్నాయి, అంటే తామర పురుగుల పని కావచ్చు. మన పరీక్షకు దొరకని ఇంకో వైరస్ అయితే అని పిల్లలే అడిగారు. ఆ ప్రశ్న నేను చెప్పి అడిగించింది కాదు. ఆ ఆకులు తెచ్చిన కుర్రాడి నాన్న షాపువాళ్లు ఇచ్చిన 'వైరస్ మందు' అప్పటికే రెండుసార్లు కొట్టాడట. వైరస్ పట్టిన మొక్కను బాగుచేసే మందు లేదు. పీకేయాలి, వైరస్‌ను మోసే తెల్లదోమను ఆపాలి.

కెమికల్స్ ఖర్చు నా జేబులోంచి పోయింది, సరే. కానీ ఇంత పనికీ ఒక్క మార్కు లేదు, రికార్డు బుక్కులో గీసిన బొమ్మలకే మార్కులు. జిల్లాకో మెషిన్ పెట్టి కాలేజీలన్నీ వంతులవారీగా వాడుకునేలా చూడాలని ఉన్నత విద్యామండలిని కోరుతున్నాను. ప్రాజెక్టుకు మార్కులు పెడితే ఐదో సెమిస్టర్‌లోనే పెట్టండి. ఆరోది ముగిసేసరికి కాయ ఎనుమాముల మార్కెట్‌కు చేరిపోయి, చేన్లో పచ్చి ఆకు దొరకదు.

– ఓ గెస్ట్ లెక్చరర్, నర్సంపేట, వరంగల్ జిల్లా